పది రూపాయల ఫైలు

కాంతం పుట్టిల్లు నౌపడ. ఉప్పుమడుల గట్ల మీద నడక నేర్చిన పిల్ల. మిషను బడిలో మూడో తరగతి చదువుతుండగా తల్లికి నడుం పడిపోతే, పలక చూరులో దోపేసి ఉప్పు తట్ట నెత్తికెత్తుకుంది. ఆదామును చేసుకుని గరివిడి వచ్చాక ఆమె లోకమంతా రెండు గదులు, వీధి కుళాయి, ఆదివారం గుడి. బైబిలు కూడబలుక్కుని చదువుకుంటుంది. పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "నాకు కాంతం, కాంతానికి నాను. ఇంకేటి కావాల?" అనేసి ఆదాము లేచిపోయేవాడు.

అతను ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేసేవాడు. నవ్వులాట మనిషే గాని, ముందు పన్ను ఊడిన దగ్గర్నుంచీ నవ్వొస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఒక్క కాంతం ముందే ఆ తువ్వాలు దిగేది.

పెళ్లై పాతికేళ్లు నిండిన ఏడాది అతనికే బుద్ధి పుట్టింది.

"మనిద్దరికీ ఒక్క ఫొటో నేదే. గేటుపాసు మీద నా మొకం సూస్తే దొంగని పట్టుకున్నట్టుంటాది. సీపురుపల్లి ఎల్దాం పద."

చీపురుపల్లి బజారులో వెంకటసాయి స్టూడియో ఉంది. తాతల నాటి బట్టల కొట్టులో సగం అడ్డుకట్టి, తెర దించి, దీపాలు పెట్టుకున్నాడు. కోమట్ల కుర్రాడు, మాట కొలిచి మాట్లాడతాడు. ముందే ధర చెప్పేశాడు.

"సిట్టింగుకి ఎనిమిది వందలు. ఫ్రేము కట్టి ఒక పెద్ద ఫొటో అందులోనే ఇస్తాను. ఫైళ్లు కావాలంటే ఒక్కోదానికి రెండొందలు, వేరే."

కాంతం గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మ! ఫైలుకి రెండొందలేటి బాబూ? ఈ బజారులోనే పది రూపాయలకి దొరుకుతాది. మాకొద్దు. మా ఇంట్లో ఒకటున్నాది."

ఆమె మనసులో ఉన్నది ఆదాము పీఎఫ్ కాగితాలు దాచుకునే అట్ట ఫైలు. ఫొటోను అందులో పెట్టిస్తాడు కాబోలు, ఈ చదువుకున్నవాళ్ల ఖరీదులే ఇంత అనుకుంది. ఆదాము అనుకున్నదీ అదే.

"దీనితో బేరమాడకు బాబూ. బజారు ధరలన్నీ దీని నోట్లోనే ఉంతాయి!" అని పగలబడి నవ్వాడు. తువ్వాలు ఇంటి దగ్గరే వదిలి వచ్చాడు గనక అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు. వెంకటసాయి మొహం మాడ్చుకుని, ఆ నవ్వుతున్నవాణ్ణి నవ్వుతున్నట్టే ఒక్కణ్ణీ ఒక ఫొటో తీశాడు. తరువాత ఇద్దరినీ కలిపి పద్ధతిగా తీశాడు. ఫ్రేముకి ఏది కావాలని కంప్యూటరులో చూపిస్తే, "పళ్లికిలించింది గోడకెట్టుకుంతారేటి?" అని ఆదామే పద్ధతైనది ఎంచాడు. వాళ్లు గడప దాటుతుంటే వెంకటసాయి మళ్లీ ఫైలు మాట ఎత్తలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో, పొద్దుటి షిఫ్టుకి చెప్పులేసుకుంటూ ఆదాము గుమ్మంలోనే కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

పోయినవాళ్ల కోసం గుడిలో జరిపే ఆదరణ కూటానికి ఆదాము ఒక్కడి ఫొటో కావాలన్నారు పాస్టరుగారు. కాంతానికి నవ్వు ఫొటో గుర్తొచ్చింది. అన్నాళ్లూ కన్నీరు రాని కళ్లలో అప్పుడొచ్చింది. అతను పోయిన దగ్గర్నుంచీ ఆమెను ఒకటే భయం పట్టుకుంది. మనిషి గొంతు చెవిలో ఉంది గాని, నవ్వుతున్న మొహం మాత్రం తలుచుకునే కొద్దీ చెదిరిపోతోంది. పక్కింటి దాలమ్మను వెంటబెట్టుకుని చీపురుపల్లి వెళ్లింది. ఎందుకైనా మంచిదని ఫ్రేము ఫొటోను కూడా చీరలో చుట్టి తెచ్చింది దాలమ్మ.

వెంకటసాయి ఆనవాలు పట్టాడు. "మీరు ఫైళ్లు వద్దన్నారు కదమ్మా?"

"ఫొటో అడుగుతుంటే ఫైలంటావేటి బాబూ?"

"ఫొటోనే ఫైలమ్మా. కెమెరాలోంచి కంప్యూటర్లోకి వచ్చేదాన్నే ఫైలంటాం. అది ఇచ్చేస్తే ఎక్కడైనా ప్రింటు వేయించుకుంటారు, మళ్లీ మా కొట్టుకి రారు. అందుకే దానికి వేరే తీసుకుంటాం."

కాంతం బల్ల అంచు పట్టుకుంది. "నాను అట్ట ఫైలనుకున్నాను బాబూ. కాయితాలెట్టుకునేది."

వెంకటసాయి చిన్నబుచ్చుకున్నాడు. "పది రూపాయలకి దొరుకుతాదంటే... నా పనికి వెల కట్టారనుకున్నానమ్మా. నన్ను చూసి నవ్వుతున్నారనుకున్నాను."

"సాల్లే!" అంది దాలమ్మ. "దీనికా సదువు నేదు, నీకా నోరు నేదు. ముందెతుకు నాయనా, బేగి!"

అతను కంప్యూటరంతా గాలించాడు. సొరుగులోని పాత కెమెరా కార్డులు పెట్టి చూశాడు. ఎవరెవరి పెళ్లిళ్లో, పుట్టినరోజులో తెర మీద పరుగెత్తాయి. ఆదాము లేడు.

"ఫైలు తీసుకోనివాళ్లవి ఆర్నెల్లకి చెరిపేస్తామమ్మా, జాగా చాలక. పోయింది."

కాంతం ఏడవలేదు. దాలమ్మే ఫ్రేముకు చుట్టిన చీర విప్పి, దాన్ని ముందుకు తోసింది. వెంకటసాయి అద్దం తీసి, ఫొటోని మళ్లీ ఫొటో తీసి, తెర మీద కాంతాన్ని పక్కకు కోసేశాడు. ఆదాము ఒక్కడే మిగిలాడు. పెదవులు బిగించుకుని ఉన్నాడు. భుజం మీద మాత్రం కాంతం చేతి ఆకుపచ్చ గాజు, నాలుగు వేళ్లు మిగిలాయి.

"చెయ్యి తీసేస్తానమ్మా. చొక్కా రంగు పూసేస్తే ఆనవాలుండదు."

"తియ్యాల్సిందే," అంది దాలమ్మ. "పోయినోడి మీద బతికున్నదాని సెయ్యేటి? అరిష్టం."

కాంతం తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగింది. ఆ బిగించిన పెదవుల చివర చిన్న వంకర ఉంది. ఆ రోజు అతను ఎంతకీ నవ్వాపకపోతే, "ఊరుకో మావా, బాబు సూస్తన్నాడు," అంటూ తనే భుజం నొక్కింది. వేలి కొసల దగ్గర చొక్కా ముడత పడింది కూడా.

"ఉండనీ బాబూ," అంది. "నవ్వుతుంటే ఆపింది ఆ సెయ్యే."

వెంకటసాయి మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదరణ కూటంలో బల్ల మీద ఆ ఫొటోయే పెట్టారు. ఆ వేళ్లెవరివని వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి. కాంతం ముందు వరసలో కూర్చుంది. అందరూ పాట అందుకున్నారు. ఆమె మాత్రం అతని పెదవుల చివరి వంకరనే చూస్తూ ఉండిపోయింది.