నల్ల మూత, చిక్కటి నూనె

మొన్న ఆదివారం మెట్టుగూడలో మా అన్న మనవరాలు తన పికప్ బండి కింద చాప పరుచుకుని పడుకుని ఉంది. బండిని జానెడు పైకి లేపించి, లావు టైర్లు వేయించింది. వెనక ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్‌కు ఏ మూత బిగించాలో, లోపలి పళ్ల చక్రాలకు ఏ నూనె పోయాలో తేల్చుకోలేక ఫోన్‌లో బొమ్మలన్నీ చూపించి, “చిన్న తాతా, గిన్నిట్ల ఏది మంచిదో నువ్వే చెప్పు” అంది. జవాబు చెప్పబోతుంటే పాత గేర్ నూనె ఘాటు ముక్కుకు తగిలింది. గ్యారేజీ గడప తొక్కినవారెవరూ ఆ వాసన మరిచిపోరు. నేనూ మరిచిపోలేదు.

నా కుర్రతనంలో, సీతాఫల్‌మండిలో మా అన్నకు టెంట్ హౌస్ ఉండేది. నేను తిరుమలగిరిలో, మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన బండ్లు బాగుచేసే గ్యారేజీలో పని నేర్చుకుంటున్నాను. అన్న అలాంటి పికప్ ఒకటి కొన్నాడు. పల్లె దారుల గుంతలకు తట్టుకోవాలని దానికి మందమైన కమాన్ కట్టలు, అంటే స్ప్రింగు పట్టీలు వేసి ఎత్తు పెంచాం. బస్తీలో అందరూ దాన్ని ఒంటె బండి అనేవారు, మా వదినతో సహా.

ఒక శ్రావణంలో వాగు అవతలి ఊరి పెళ్లి ఒప్పుకున్నాడు అన్న. వానల్లో అటు రాలేమని మిగతా టెంట్ హౌసులవాళ్లు తప్పుకుంటే, పెళ్లికూతురి తండ్రి చేతులు పట్టుకుని, “పందిరి నాది, నువ్వు ఫికర్ చెయ్యకు” అని మాటిచ్చి వచ్చాడు. ఆ రోజుల్లో మాటంటే మాటే. తప్పితే మళ్లీ ఆ చుట్టుపక్కల ఏ గడపా తొక్కనివ్వరు. తీరా బయలుదేరే ముందు బండి వెనక నుంచి ఒకటే ఊళ. మూత విప్పి చూస్తే లోపల నూనె పాలు కలిపిన చాయ్‌లా ఉంది. రాయి తగిలి రేకు మూత అంచు వంగింది, నీళ్లు లోపలికి పోయాయి.

రాణిగంజ్‌లో విడిభాగాల దుకాణానికి పరుగెత్తాం. అన్న కన్ను తళతళలాడే రేకు మూత మీద పడింది. నేను పోత ఇనుముతో చేసిన నల్లటి, బరువైన మూత చేతిలోకి తీసుకున్నాను. నూనె దగ్గరా అదే తగువు. దుకాణదారు, “నైంటీ నంబర్ తీస్కోండ్రి, అందరు గదే పోస్తరు” అన్నాడు. “అందరి బండ్లు గింత బరువుతోని వాగుల దిగుతయా?” అని నేను చిక్కటి నూట నలభై నంబరు అడిగాను. అన్న ముఖం ముడుచుకుంటే, కూడా వచ్చిన వదిన తేల్చేసింది: “సోకు పెండ్లికొడుక్కు గావాలె గని బండికెందుకు? తమ్మి జెప్పింది తీస్కో.”

మూతకు కొత్త ప్యాకింగ్ వేసి బిగించి, నూనె పోశాను. వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగితే గాలి రంధ్రం గుండా నీళ్లు పీల్చుకుంటుందని, ఆ రంధ్రానికి రబ్బరు గొట్టం తొడిగి సీటు వెనక దాకా పైకి తెచ్చి కట్టాను. శామియానాలు, వంట గుండిగలు, కుర్చీలు ఎక్కించి బయలుదేరాం.

వాగు ఎర్రగా పారుతోంది. గట్టు మీద బస్సు ఆగి ఉంది, అందులో మగపెళ్లివారు! రాత్రికే ముహూర్తం, పెళ్లికొడుకు బాసికంతో నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. అన్న నా వైపు తిరిగి, “బండి మీద భరోసా ఉందారా?” అన్నాడు. “ఉందన్నా, దించు” అన్నాను. అంతే, పెళ్లికొడుకునీ వాళ్ల అమ్మానాన్ననీ గుండిగల మీద కూర్చోబెట్టుకుని దిగాం. నడుమ ఒక రాయి కింద ధన్‌మని తగిలింది. అయినా బండి ఆగలేదు. అవతలి గట్టెక్కేసరికి ఊరు ఊరంతా ఈలలు, డప్పులు! పెళ్లికూతురి తండ్రి అన్నను కావలించుకుని ఏడ్చేశాడు. నేను మాత్రం ముందు బండి కిందికే దూరాను. మూత చెక్కు చెదరలేదు. మూతకున్న బిరడా వదులు చేస్తే వేలి మీద పడిన నూనె తేనెలా స్వచ్ఛంగా ఉంది. పొగడ్తంటే ఎరగని మా అన్న అది చూసి, “షాబాష్‌రా తమ్మీ!” అని అందరి ముందు వీపు చరిచాడు. ఆ రోజు పందిరి వేస్తుంటే నా కాళ్లు నేల మీద ఆనలేదు. మొన్న మనవరాలికీ అదే చెప్పాను: నల్ల మూత, చిక్కటి నూనె.

పోయినేడు ఏదో పనిమీద కారులో ఆ పెళ్లి ఊరి వైపు వెళ్లాను. అన్నతో దాటిన వాగు కళ్లారా చూడాలని కిటికీ అద్దం దించుకుని ఎదురుచూస్తూ, ఎంతకీ రాకపోయేసరికి డ్రైవరును అడిగాను. “వాగా? బ్రిడ్జి మీదికెళ్లి ఎప్పుడో దాటినం సార్” అన్నాడు.