రంగు మారని నీళ్లు

ఆత్మకూరు నీటి పరీక్షల ల్యాబులో నేను చేరిన రెండో ఏడు. ఉదయగిరి పక్కన ఓ చిన్న ఊర్లో ఒకే రోజు నాలుగు మేకలు చచ్చిపోయాయి. అవి తాగిన బావి నీళ్లే ఊరంతా తాగుతుందని, పంచాయతీ ఉద్యోగి ఒకాయన ప్లాస్టిక్ సీసాలో ఆ నీళ్లు పట్టుకొచ్చాడు.

ఫ్లోరైడ్, నైట్రేట్, నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. ఏ గొట్టంలోనూ రంగు హద్దు దాటలేదు.

"బాగుండాయి కదమ్మా. తాగొచ్చని రాసియ్యి. జనం ట్యాంకరు కోసం నా మీద పడతా ఉండారు," అన్నాడాయన.

పెన్ను తీశాను గానీ రాయలేదు. సీసా మూత తీసినప్పుడు ఒక వాసన తగిలింది. చేనుకు పురుగుమందు కొట్టి వచ్చిన రోజు మా నాయన చొక్కా అలాగే వాసన వచ్చేది. పురుగుమందును పట్టే మిషను మా ల్యాబులో లేదు.

"నేను చూసిన వాటిల్లో తేడా లేదు సార్. కానీ పురుగుమందు చూడలేదు. అది తేలేదాకా ఎవర్నీ తాగనీయొద్దు."

ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

ప్లాస్టిక్ ఆ మందును కొంత పీల్చేసుకుంటుంది. అందుకని మర్నాడు పొద్దున్నే గోధుమరంగు గాజు సీసాలు, ఐసు పెట్టె తీసుకుని నేనే బస్సెక్కాను. బావి దగ్గర మేకలు పోయిన అవ్వ బిందె నింపుకుంటోంది.

"ఏందవ్వా, ఈ నీళ్లు తోడుతుండావు?"

"ల్యాబులో బాగుండాయన్నారంట కదా! పొద్దున్నించి అందరం తోడుకుంటానే ఉండాం."

ఐసు పెట్టె కింద పెట్టేశాను. "ల్యాబులో చూసింది నేనే. అట్లా చెప్పలేదవ్వా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నువ్వు తాగుతావా?"

"తాగను."

బిందె అక్కడే ఒంపేసి వీధిలోకి నడిచింది. ఇంటింటి ముందూ ఆమె కేక వినిపించింది.

ఒక సీసాలో బావి నీళ్లు, మరోదానిలో మా ల్యాబు శుద్ధజలం నింపి నెల్లూరులోని పెద్ద ల్యాబుకు పంపాను. సీసాల్లోనే మందు అంటుకుని ఉంటే ఆ రెండోది చెప్పేస్తుంది. మూడు రోజులు ఫోను కోసమే ఎదురుచూశాను. మందు లేదంటే, ఊరిని ఊరికే భయపెట్టినదాన్నవుతాను. ఉందంటే, ఆ పొద్దున ఎందరు తాగారో!

నాలుగో రోజు ఫోను వచ్చింది. శుద్ధజలంలో ఏమీ లేదు. బావి నీళ్లలో పురుగుమందు హద్దు దాటి ఉంది. ఎవరో మందు కొట్టే స్ప్రేయరు అక్కడే కడిగి ఉంటారని ఊళ్లో అన్నారు. ఆ నీళ్లు తాగిన ఇద్దరికి వాంతులై తగ్గాయి. బావికి తాళం పడింది, ట్యాంకరు వచ్చింది.

అవ్వ ఫోను చేసి ఒకటే అడిగింది. "ఎవురు కడిగినారో మీ మిషను చెప్పదా?"

"చెప్పదవ్వా," అన్నాను.