ఏట్లో పడ్డ మనిషి ఏమయ్యాడు?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, ఎండాకాలం. బస్తర్ సంస్థానం దక్షిణపు కొసన, ఎర్రబోరులో సంత రోజున మా టూరింగ్ టాకీస్ తెర కట్టింది. ఊరూరా తిరిగి సినిమా వేసే కంపెనీ అది. నేను ఆపరేటర్ని, అంటే ప్రొజెక్టరు నడిపేవాణ్ణి. సంస్థానంలో మాకదే మొదటి ఆట. బాగా సాగితే మిగతా సంతల్లోనూ వేసుకోనిస్తానని తహసీల్దారు గారు మాటిచ్చారు. ఏ సినిమా వెయ్యాలో కూడా ఆయనే చెప్పారు. ఒక తెల్లదొర ఆఫ్రికా అడవుల్లో నది పుట్టిన చోటు వెతుక్కుంటూ వెళ్లే ఇంగ్లీషు చిత్రం.

నాకా సినిమా అంటే ప్రాణం. మంచులోంచి కొండలు తేలి వస్తుంటే, మొసళ్లు ఒడ్డు మీంచి నీళ్లలోకి జారుతుంటే, ఆ కెమెరా పట్టినవాడికి దండం పెట్టాలనిపించేది.

పొద్దు గూకగానే మొదలుపెట్టాను. బొమ్మ కదిలినందుకు జనం ముందు ఈలలు వేశారు. కాసేపటికి చుట్టలు వెలిగాయి. ఆ తర్వాత ఆడవాళ్లు తెరకు వీపు పెట్టి కబుర్లలో పడ్డారు. అడవి, కొండ, వాగు వాళ్లు రోజూ చూసేవే. మైకులో నేను తెలుగులో చెబుతున్న కథ ఎవరికీ పట్టలేదు. కుర్చీలో తహసీల్దారు గారు కూడా ఆవలిస్తున్నారు. ఇక ఈ సంస్థానంలో మా పని అయిపోయిందనుకున్నాను.

అంతలో దొర మూటలు మోసే కూలీలు నది దాటే రీలు వచ్చింది. తలలో ఈక పెట్టుకున్న ఒకడు కాలు జారి, పెట్టెతో సహా నీళ్లలో పడ్డాడు. వెంటనే తెర మీద దొర గుడారం, దొర, చేతిలో టీ కప్పు.

"ఓ బొమ్మలాయనా, ఆపు!" ముందు వరసలోంచి ముత్తక్క లేచింది. సంతలో చింతపండు అమ్మే దోర్ల తెగ మనిషి. "ఏంది ఇది? ఆ ఈక పెట్టుకున్నోడు ఒడ్డెక్కిండా లేదా?"

"తెలీదమ్మా. సినిమాలో అంతే ఉంది."

"అంతే ఏంది? మనిషి కొట్టుకపోతుంటె ఈయన చాయ్ తాగుతుండు. మాకీ దొర వద్దు. వాని సంగతి చెప్పు."

జనమంతా ఆమెకు వంత పాడారు. ఆ సినిమా ఎన్నోసార్లు నడిపాను కానీ వాడి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ప్రొజెక్టరు ఆపేశాను. ఆనాటి ఫిల్ముకి నిప్పు సోకితే భగ్గున అంటుకునేది. అందుకని చుట్టలకు దూరంగా జరిగి, మిగిలిన రీళ్లు విప్పుతూ, టార్చి వెలుగులో ఒక్కొక్క బొమ్మా వెతికాను. దొరే కనిపిస్తున్నాడు. ఆ కూలీ కనబడకపోతే ఈ జనానికి ఏం చెప్పను?

చివరి రీల్లో దొర ఎవరితోనో కరచాలనం చేస్తున్నాడు. వెనక మూలన, మూట మీద కూర్చుని, ఈక పెట్టుకున్నవాడు!

"ఉన్నాడు! బతికే ఉన్నాడు!" అని మైకులో అరిచాను.

ఆ ముక్క వెయ్యగానే ముత్తక్క తెర దగ్గరికి ఉరికింది. "గాడ! గాడ సూడుండ్రి! మక్కకంకి తింటుండు!"

జనం కేకలతో సంత దద్దరిల్లింది. మళ్లీ వెయ్యమన్నారు. రీలు వెనక్కి చుట్టి మళ్లీ వేశాను. ఎవరో డోలు తెచ్చారు. వాడు కంకి కొరికినప్పుడల్లా డోలు మోగింది, ఆడవాళ్లు చేతులు కలిపి ఆడారు. తహసీల్దారు గారు కుర్చీ ఎక్కి నిలబడి, "ఫిర్ సే దిఖావ్!" అంటున్నారు.

"వానికి పెండ్లాం పిల్లలు ఉన్నరా?" ముత్తక్క ఆయాసపడుతూ అడిగింది.

"ఉండే ఉంటారమ్మా."

"అయితే ఇగ వాళ్లింట్ల పండుగే!"

దొరకు ఆ నది మొదలు దొరికిందో లేదో ఎవరూ అడగలేదు. మాకు మాత్రం అన్ని సంతలకూ అనుమతి దొరికింది.

ఆపరేటర్‌గా ఉన్నన్నాళ్లూ, కొత్త సినిమా వస్తే ముందు ఒంటరిగా వేసుకుని, తెర అంచుల్లో తిరిగే మనుషుల్ని గుర్తుపెట్టుకునేవాణ్ణి. ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరు వాళ్ల గురించి అడుగుతారు. అడిగితే నా దగ్గర జవాబుండాలి.