నలభై అయిదు రోజుల బిల్లు

కరెంటాఫీసులో మూడు కౌంటర్లుండేవి. తెలిసినవాళ్ళెవరూ ఒకటోదానికీ మూడోదానికీ వెళ్ళేవారు కాదు. రెండో కౌంటరు ముందు ఇరవై మంది ఉన్నా సరే, వచ్చి ఆ వరుస చివరే నిలబడేవారు. అక్కడ కూర్చునే ఆవిడ చేతివేగం అలాంటిది. బిల్లు అందుకుని, అంకె చూసి, నోట్లు లెక్కపెట్టి, ముద్ర కొట్టి, చిల్లర అద్దం కింది సందులోంచి తోసేసేసరికి ఎదుటి మనిషి ఇంకా పర్సు మూసుకుంటూనే ఉండేవాడు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆవిడను 'ఎక్స్‌ప్రెస్ అక్క' అనేవారు. ఆ పేరంటే ఆవిడకూ లోలోపల ముచ్చటే.

పంతొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి. ఎవరైనా బిల్లు చూపించి, "ఇదేంటమ్మా, పోయిన నెలకంటే ఇంతెక్కువ వచ్చింది?" అని అడిగితే, ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "సిస్టంలో అలాగే ఉందండీ." గొంతులో కసురు ఉండేది కాదు. మర్యాదగానే చెప్పేది. ఆ మర్యాదకే సగం మంది నోరు మూసుకుని డబ్బు కట్టేసేవారు.

ఆవిడ భర్త స్కూలు వ్యాను నడిపేవాడు. బడికి సెలవులిస్తే వ్యాను ఇంటి ముందు నిలబడిపోయేది, దాంతోపాటు ఆయన సంపాదనా నిలబడిపోయేది. ఇంట్లో ఇంకో మనిషి అత్తగారు. ముప్పై ఏళ్ళు ఆస్పత్రి వంటశాలలో పనిచేసి, చివర్లో సామాను దింపించుకునే బాధ్యత చూసి, పని మానేసిన మనిషి. సంచి విప్పి లోపల ఏముందో చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టి ఎరగదు. బియ్యం తెచ్చిన లారీవాళ్ళు ఆవిడ డ్యూటీలో ఉందని తెలిస్తే ఓ మూట ఎక్కువే వేసుకుని వచ్చేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఏడు ఎండలు మండిపోతున్న రోజుల్లో, బడికి సెలవులిచ్చిన రెండో వారంలో, వాళ్ళింటికి కరెంటు బిల్లు వచ్చింది. ఎప్పుడూ వెయ్యి చుట్టుపక్కల ఉండేది, రెండు వేల నూరు. కనెక్షన్ అత్తగారి పేరు మీదే ఉంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, బిల్లును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, ఈ స్థిర చార్జీ ఏంటి?"

"మనకు లైను ఇచ్చినందుకత్తయ్యా. వాడినా వాడకపోయినా కట్టాలి."

"సరే. వినియోగదారుడి చార్జీ?"

"అదీ… దాదాపు అలాంటిదే."

"అలాంటిదే అయితే రెండుసార్లెందుకు రాశారు? పోనీ, ఈ ఇంధన సర్దుబాటు? పక్కన తేదీ చూస్తే రెండేళ్ళ కిందటిది. రెండేళ్ళ కిందట వాడినదానికి ఇప్పుడు డబ్బులేంటి?"

అక్క పప్పు గిన్నె మీద మూత తీసి, మళ్ళీ పెట్టింది. "అన్నం వడ్డించమంటారా?" అంది.

"మాట మార్చకు. తెలిస్తే తెలుసని చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు. పంతొమ్మిదేళ్ళుగా నువ్వు కూర్చున్నది ఆ ఆఫీసులోనేగా!"

వ్యాను తుడుస్తున్న అక్క భర్త గుమ్మంలోంచి తొంగిచూసి, ఇద్దరి మొహాలూ చూసి, గప్‌చుప్‌గా మళ్ళీ బయటికి జారుకున్నాడు.

మర్నాడు పదకొండు గంటలకు, కౌంటరులో తల వంచుకుని ముద్రలు కొడుతున్న అక్క ముందుకు అద్దం సందులోంచి ఒక బిల్లు వచ్చింది. కింద అంకె చూసి చెయ్యి చాపింది. డబ్బు రాలేదు.

"ఇందులో ఆరో వరుస ఏంటో చెప్పండి," అంది అవతలి గొంతు.

ఎంత అలవాటైపోయిందంటే, అక్క తల ఎత్తకుండానే, "సిస్టంలో అలాగే ఉందండీ," అనేసింది. అన్నాక ఆ గొంతు ఎవరిదో తట్టింది. తల ఎత్తి చూస్తే అత్తగారు! ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచి చంకన పెట్టుకుని, గంటన్నరగా వరుసలో నిలబడి వచ్చిన మనిషి.

"అత్తయ్యా! మీరేంటి ఇక్కడ?"

"ఇంట్లో అడిగితే అన్నం వడ్డిస్తానంటావు. ఇక్కడైతే అన్నం ఉండదుగా, జవాబే చెప్పాలని వచ్చాను."

వరుసంతా గొల్లున నవ్వింది. ఒకటో కౌంటరతను పెన్ను పక్కన పెట్టి మరీ నవ్వాడు. అక్కకు చెవులు వేడెక్కాయి. కోపం వచ్చిందేమో అనుకుంది గానీ, కోపం కాదది. అత్తగారి వెనక నిలబడ్డవాళ్ళలో ఒకావిడ మాత్రం నవ్వడం లేదు. బట్టలు కుట్టే ఆవిడ. నాలుగు నెలల కింద ఇలాంటి ప్రశ్నే పట్టుకుని మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అదే మర్యాద, అదే జవాబు. ఆ తర్వాత అడగడం మానేసింది. ఇప్పుడు బిల్లూ, దానికి సరిపడా డబ్బూ మడిచి పిడికిట్లో పట్టుకుని, ఏ ఆశా లేని మొహంతో తన వంతు కోసం చూస్తోంది.

అక్క చేతిలో ముద్ర కింద పెట్టింది.

"నాకు తెలియదత్తయ్యా," అంది, వరుసకంతా వినపడేలా. "తెలుసుకుని చెబుతాను."

ఆ మాట అనడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. అన్నాక మాత్రం మెడ మీది బరువేదో దించినట్టయింది.

ఆ మధ్యాహ్నం అన్నం బాక్సు పట్టుకుని మీటర్లు పరీక్షించే గదికి వెళ్ళింది. అక్కడ పాత మీటర్ల గుట్టల మధ్య ఒక మేస్త్రీ ఉండేవాడు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. గదిలోకి ఎవరూ రారు కాబట్టి ఎవరొచ్చినా పండగ చేసుకునే మనిషి.

"ఏంటి ఎక్స్‌ప్రెస్ ఈ స్టేషన్లో ఆగింది?" అన్నాడు.

"బిల్లు చదవడం నేర్పాలి బాబాయ్."

నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. సొరుగులోంచి నూనె మరకల పుస్తకం ఒకటి తీశాడు. చార్జీల నిబంధనల పుస్తకం. ఆ ఆఫీసులో దాన్ని తెరిచినవాళ్ళు అరుదు.

"మొదట రేటు చూడు. నెలకు మొదటి నూరు యూనిట్లకు మూడు చొప్పున. తర్వాతి నూరుకు అయిదు చొప్పున. రెండు వందలు దాటితే దాటినవాటికి తొమ్మిది చొప్పున. మెట్లలాగన్నమాట. ఎంత పైకెక్కితే అంత మోత. ఇప్పుడు మీ బిల్లు ఇటివ్వు." వేలు పెట్టి చూపించాడు. "మూడు వందల యూనిట్లు. మూడు వందలు, అయిదు వందలు, తొమ్మిది వందలు. పదిహేడు వందలు. మిగిలిన చిల్లర చార్జీలు నాలుగు వందలు. లెక్క సరిపోయింది."

"సరిపోతే మరి మేమెందుకు అంత వాడాం?"

"తేదీలు చూశావా?"

చూడలేదు. పంతొమ్మిదేళ్ళలో ఏ బిల్లు మీదా చూడలేదు. కింది అంకె తప్ప పైనున్నవేవీ ఆవిడ కళ్ళకు ఆనేవి కావు. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టింది. పాత రీడింగుకూ కొత్త రీడింగుకూ మధ్య నలభై అయిదు రోజులు. ఆ వేసవిలో రీడింగు తీసే మనుషులు మారారు. వాళ్ళ వీధులుండే సెక్షన్‌కు కొత్తవాళ్ళు పదిహేను రోజులు ఆలస్యంగా వచ్చారు.

"నెలన్నర వాడకాన్ని నెల మెట్ల మీద ఎక్కించారు," అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా. "అలా చెయ్యకూడదు. రీడింగు ఆలస్యమైతే మెట్లు కూడా ఆ రోజులకు తగ్గట్టు సాగాలి. నూరుకు బదులు నూటయాభై. ఇదిగో, ఇక్కడ రాసే ఉంది."

అక్క పెన్సిలు తీసుకుంది. నూటయాభై మూళ్ళు నాలుగువందల యాభై. నూటయాభై అయిదులు ఏడువందల యాభై. పన్నెండు వందలు! తొమ్మిది చొప్పున కట్టాల్సినవి ఒక్క యూనిట్ కూడా లేవు. అయిదు వందలు ఊరికే పోయాయి. ఒక్క తమ ఇంటివేనా? ఆ రీడింగు మనుషులు తిరిగిన వీధులన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి.

ఆ తర్వాత పదకొండు రోజులు భోజనం వేళంతా మీటర్ల గదిలోనే గడిపింది. ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో పెన్సిలు. ఆఫీసులో ఉన్న నకళ్ళలోంచి అరవై రెండు బిల్లులు తీసి చేత్తో లెక్కగట్టింది. రెండేళ్ళ కింద ఆ సెక్షన్‌ను కొత్త కంప్యూటరు లెక్కల్లోకి మార్చినప్పుడు, రోజులను బట్టి మెట్లు సాగదీసే ఏర్పాటు ఎవరో పెట్టడం మరిచిపోయారు. నాలుగు రోజులు ఆలస్యమైనప్పుడల్లా పదో ఇరవయ్యో ఎక్కువ పడుతూనే ఉంది. అంత చిన్న తేడా ఎవరి కంటా పడలేదు.

అన్నీ తప్పుడు బిల్లులే కావు. ఇస్త్రీ దుకాణం ఆయన బిల్లు మూడుసార్లు లెక్కగట్టినా సరిగ్గానే వచ్చింది. అడిగితే తేలింది, ఆయన ఫ్రిజ్ తలుపు మూతపడక నెలలుగా తాడుతో కట్టి నడుపుతున్నాడు. వాడకం పెరిగింది అందుకేనని చెబితే ఆయన మొహం చిన్నబోయింది. "అందరికీ తప్పు దొరుకుతోంది, నాకే దొరకలేదా?" అన్నాడు. అక్క నవ్వు ఆపుకుని, తలుపు రబ్బరు ఎక్కడ దొరుకుతుందో రాసిచ్చింది. ఇంధన సర్దుబాటు గురించి అత్తగారికి కూడా ఉన్నదున్నట్టే చెప్పింది. "బొగ్గు ధర పెరిగిన తేడాను తర్వాత వసూలు చేస్తారత్తయ్యా. నాకూ నచ్చలేదు, కానీ నిబంధన ప్రకారం అది సరైనదే." అత్తగారు, "సరైనదైతే కడదాం. తెలిసి కడితే కడుపు మండదు," అంది.

లెక్కలన్నీ పట్టుకుని సెక్షన్ ఆఫీసరు గదికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు, పని పెరగడం ఇష్టంలేనివాడు.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చమ్మా. కానీ ఇది కదిపితే రెండేళ్ళ బిల్లులు తిరగెయ్యాలి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా!"

"ఒకరు చేశారు సార్. గంటన్నర వరుసలో నిలబడి చేశారు."

"మీ అత్తగారా? బాగుంటుందా అది? మన ఆఫీసు మనిషి ఇంటినుంచే మన మీద ఫిర్యాదంటే?"

అక్క కాగితాలు సర్దుకుంది. ఇంట్లో వ్యాను కదలడం లేదు, ఈ జీతమే ఆధారం. అయినా, "కనెక్షన్ ఆవిడ పేరు మీదే ఉంది సార్. ఫిర్యాదుల రిజిస్టరులో రాసుకుంటాను," అని బయటికొచ్చి, రాసింది. మొదటి వరుసలో అత్తగారి ఫిర్యాదు.

ఆ మర్నాటినుంచి కౌంటరు దగ్గర ఎక్స్‌ప్రెస్ ఆగి ఆగి నడవసాగింది. బిల్లు తీసుకోగానే తేదీలు చూసేది. ముప్పై రోజులు దాటితే, "ఒక్క నిమిషం, ఇలా చూడండి," అని వివరించేది. ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పేది. రాయడం రానివాళ్ళు చెబుతుంటే పక్కనున్నవాళ్ళే రాసిపెట్టేవారు. బట్టలు కుట్టే ఆవిడ బిల్లులు తనే అడిగి తెప్పించుకుని, పాతవన్నీ లెక్కగట్టి, "ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఉత్తచేతుల్తో పంపాను. ఏమీ అనుకోకండి," అంది. ఆవిడ తర్వాతి వారం తన వీధివాళ్ళను ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చింది.

కౌంటరు మందగించిందని ఆఫీసరు అక్కను పాత కాగితాల గదికి మార్చాడు. అక్కడ అద్దం లేదు, వరుస లేదు, పలకరించే దిక్కు లేదు. మొదటి రెండు రోజులు బొద్దింకలే తోడు. ఇంటికొచ్చి చెబితే భర్త, "సెలవులైపోగానే నేను రెండు ట్రిప్పులు ఎక్కువ వేస్తాలే. నువ్వు మాత్రం వెనక్కి తగ్గకు," అన్నాడు. సాధారణంగా ఒక పూటకు నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి ఆయన.

వెనక్కి తగ్గే అవకాశమూ లేకుండా పోయింది. నిబంధన ప్రకారం రాతపూర్వకంగా వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ పదిహేను రోజుల్లో రాతపూర్వకంగానే జవాబివ్వాలి. ఫిర్యాదులు నూరయ్యాయి, నూరు మూడు వందలు దాటాయి. జవాబు రాయాలంటే బిల్లు లెక్కగట్టాలి. లెక్కగట్టిన దాదాపు ప్రతిచోటా తప్పు బయటపడుతోంది. ఒకటో కౌంటరతను కాగితాల గది గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. "అక్కా, నీ పెన్సిలు లెక్క ఒకసారి చూపిస్తావా? నాకు తల తిరిగిపోతోంది." ఆ తర్వాత మూడో కౌంటరావిడ వచ్చింది. ఓ శుక్రవారం ఆఫీసరే కుర్చీ లాక్కుని వచ్చి ఆ దుమ్ములో కూర్చున్నాడు.

"పై ఆఫీసుకు పంపాలి. నీ అరవై రెండు బిల్లులూ జతచేద్దాం. కింద నీ పేరు కూడా రాయనా?"

"అత్తయ్య ఫిర్యాదు నంబరు రాయండి సార్. మొదలైంది అక్కడే."

ఆయన రెండూ రాశాడు.

అయిదు నెలలు పట్టింది. చలి మొదలయ్యే వేళకు పదకొండు వందల నలభై ఇళ్ళకు వచ్చిన బిల్లుల్లో 'సవరణ' అనే వరుస కొత్తగా చేరింది. దాని పక్కనున్న అంకె ముందు తీసివేత గుర్తు ఉంది. కొందరికి అయిదు వందలు, కొందరికి ఎనభై. బట్టలు కుట్టే ఆవిడకు రెండేళ్ళవీ కలిపి తొమ్మిది వందల పది తగ్గాయి. అత్తగారు తమ బిల్లును పైనుంచి కిందికి చదివి, ఏమీ అడగకుండా మడిచి డబ్బాలో పెట్టింది. అంతకు మించిన మెచ్చుకోలు ఆవిడ దగ్గర ఎవరికీ దొరకలేదు.

అక్కను మళ్ళీ కౌంటరుకు తెచ్చారు. గంటకు పంపే మనుషుల సంఖ్య పాతదానిలో సగానికి పడిపోయింది. ఆ సంగతి ఇప్పుడెవరూ ఎత్తడం లేదు. ఆ పేరు మాత్రం అలాగే అంటుకుని ఉంది.

మరుసటి ఏడు ఆఫీసులో నలుగురు కొత్తవాళ్ళు చేరారు. వాళ్ళకు పని నేర్పమని ఆవిడకే అప్పగించారు. మొదటిరోజు ముద్రలూ, రశీదులూ ముట్టుకోనివ్వలేదు. ఎవరింటి బిల్లు వాళ్ళను తెచ్చుకోమంది. బల్ల మీద పరిచి, ఒక్కో వరుసా ఏంటో చెప్పమంది. వాళ్ళలో ఒకమ్మాయి ధైర్యం చేసి, "నాకు తెలియదు మేడమ్," అంది.

"బతికించావు తల్లీ," అంది అక్క, మేస్త్రీ ఇచ్చిన నూనె మరకల పుస్తకం ఆ అమ్మాయి ముందుకు జరిపి. "ఇలా దగ్గరికి రా. పైన తేదీలున్నాయే, అక్కణ్ణుంచి మొదలుపెడదాం."