పందుల తుపాకీ

మా ఆయన జ్వరంతో పోయాక నాకు మిగిలినవి కొండవార కాస్త చెరకు, కాస్త వేరుశనగ, మా అత్త, ఒక తుపాకీ. అదేమీ గొప్ప తుపాకీ కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కూరి, ఇనప కడ్డీతో దట్టించి పేల్చే నాటు తుపాకీ. పంట కాపలాకని అప్పట్లో రైతులకి లైసెన్సు ఇచ్చేవారు. ఆయన బతికుండగానే మంచె మీద కూర్చోబెట్టి నాకు పేల్చడం నేర్పాడు. గురి తగలాలని కాదు, చప్పుడు కోసం. ఒక్క మోత వింటే అడవిపందుల మంద కొన్నాళ్ళు మా చేనువైపు వచ్చేది కాదు.

లైసెన్సు నా పేరుకి మార్చమని తాలూకా ఆఫీసుకి వెళితే, గుమస్తా నన్ను చూసి నవ్వాడు. ఆడకూతురికి తుపాకీ ఎందుకమ్మా అన్నాడు. మర్నాడు పందులు నమిలి ఉమ్మేసిన చెరకు పిప్పి గోనెసంచిలో మోసుకెళ్ళి అతని బల్ల మీద పోశాను. చాలాసార్లు తిప్పి, చివరికి మార్చారు.

అరవైల చివరికి కొండల మీద భూస్వాములకి ఎదురుతిరిగిన గిరిజనుల గొడవలు మొదలయ్యాయి. పోలీసు జీపులు మా ఊరి మీంచి పైకి వెళ్ళడం, రావడం. ఒకరోజు దండోరా వేశారు. లైసెన్సు ఉన్నా సరే, తుపాకులన్నీ స్టేషనులో అప్పజెప్పాలట. మా ఊళ్ళో నాలాంటి చిన్న రైతులు, కొండవాలు ఊళ్ళో చోడి అనే రాగులు, కందులు పండించే జాతాపు తెగ రైతులు, అందరం పట్టుకెళ్ళి ఇచ్చేశాం. ఇచ్చేటప్పుడు నాకేమీ బాధ అనిపించలేదు. గొడవలు తగ్గాక ఇస్తారనే అనుకున్నాను.

ఆ ఏడు పందులు చెరకుని మంచం మీద దొర్లినట్టు దొర్లి తొక్కేశాయి. డబ్బాలు వాయించాం, మంటలు వేశాం. కొన్నాళ్ళకి డబ్బా చప్పుడు వాటికి అలవాటైపోయింది. వేరుశనగ మొక్క ఒక్కటీ నిలువుగా మిగల్లేదు. తవ్వేసిన ఆ చేలో మా అత్త కూలబడి, ఎవరిని తిట్టాలో తెలియక చచ్చిపోయిన కొడుకుని తిట్టింది.

అలాంటప్పుడు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరి మోతుబరి ఒకాయన ప్రెసిడెంటుకి నిలబడ్డాడు. వరసకి నాకు మావ. తెల్లారి మా అరుగు మీద కూర్చుని, ఆడవాళ్ళ సీటుకి నన్ను నిలబడమన్నాడు. నాకెందుకు అన్నాను.

“నీకు తుపాకీ కావాలా, అక్కర్లేదా? పంచాయతీ తీర్మానం సేసి పంపితే పైవోళ్ళు ఇనక సస్తారా? నువ్వు నిలబడు కోడలా. కొండోళ్ళు నీ మాట ఇంటారు.”

ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నాను. తిరిగాను కూడా. ఎండలో కొండవాలు ఊరికి ఎక్కి, ఇంటింటికీ వెళ్ళి, మన తుపాకులు మనకి వస్తాయని చెప్పాను. అక్కడి పెద్దాయన ఒకాయన, పందులు తిన్న కంది చేను నాకు చూపించి, “మా తుపాకీ నిజంగా వస్తాదా అమ్మా?” అని అడిగాడు. వస్తుందన్నాను. వాళ్ళ ఓట్లన్నీ మాకే పడ్డాయి.

గెలిచాక తెలిసింది పంచాయతీ అంటే ఏమిటో. ఆడ మెంబర్లు మీటింగుకి రానక్కర్లేదట, పుస్తకం ఇంటికే పంపి సంతకం పెట్టించుకుంటారట. రెండో ఆడ మెంబరు బదులు ఆవిడ మొగుడే వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. నేను వెళ్ళి కూర్చుంటే అందరూ కుర్చీల్లో ఇటూ అటూ కదిలేవారు. వీధి దీపాల కిరసనాయిలు ఎవరి ఇంటికి పోతోందని ఒకరినొకరు బూతులు తిట్టుకుంటూ, మధ్యలో నన్ను చూసి, ఆడమనిషి ఉందర్రా అనుకునేవారు. మళ్ళీ తిట్టుకునేవారు. ప్రతిసారీ తుపాకుల సంగతి అడిగేదాన్ని. వచ్చే మీటింగులో చూద్దాం అనేవారు.

చివరికి ఒకరోజు తీర్మానం రాశారు. ప్రెసిడెంటైన మావే చదివాడు. కొండమనుషుల వల్ల పెద్ద రైతుల ప్రాణానికీ ఆస్తికీ ముప్పు ఉంది కాబట్టి, వారి తుపాకులు వారికి ఇప్పించవలసిందని. నేను తప్పుగా విన్నానేమో అనుకుని మళ్ళీ చదవమన్నాను. అదే చదివాడు. పందుల మాట ఎక్కడుంది మావా అని అడిగాను.

“పందులని రాస్తే కలెక్టరు నవ్వుతాడు. నీకేటి తెలుస్తాది?”

మరి కొండవాలు ఊరి రైతుల తుపాకుల మాటో అన్నాను. వాళ్ళ ఓట్లతోనే కదా గెలిచామన్నాను.

“ఆళ్ళకిచ్చీసి మనం మళ్ళీ ఆళ్ళ నుంచి కాపాడుకోవాలా?” అన్నాడు. అందరూ నవ్వారు. రెండో మెంబరు మొగుడు నవ్వి నవ్వి దగ్గాడు. నేను సంతకం పెట్టలేదు. దాని అవసరమూ వాళ్ళకి లేకపోయింది. మీటింగు జరిగిన మావ ఇంట్లోంచి బయటికొచ్చాక, వాళ్ళ చుట్టల కంపు నా చీరకి పట్టిందని బావి దగ్గర ఆగి కొంగు తడిపి పిండుకున్నాను.

కొన్నాళ్ళకి పైనుంచి ఒక నాయకుడు వచ్చి ప్రయాణికుల బంగళాలో దిగాడు. తిన్నగా ఆయనకే చెబుదామని కొండవాలు పెద్దాయనని వెంటబెట్టుకుని వెళ్ళాను. నన్ను లోపలికి పిలిచారు. ఆయన్ని గేటు దగ్గరే ఎండలో నిలబెట్టేశారు. లోపల భోజనాలవుతున్నాయి. నాయకుడు తెల్లటి పొందూరు ఖద్దరు కట్టుకుని, మోచేతులదాకా కారుతున్న కూర నాకుతూ తింటున్నాడు. నాకూ ఆకు వేసి కూర వడ్డించారు. కొవ్వు తేలుతున్న అడవిపంది మాంసం.

“నిన్న పొద్దున్న మన సెరువుగట్టు మీద నానే కొట్టేను,” అని మావ గొప్పగా చెప్పాడు.

ఏ తుపాకీతో మావా అన్నాను. అందరివీ స్టేషనులో ఉన్నాయి కదా అన్నాను. నాయకుడే పళ్ళలో ఇరుక్కున్న పీచు తీసుకుంటూ అన్నాడు: “పెద్దోళ్ళు ఇంట్లో ఉంచుకుంటే ఎవరడుగుతారమ్మా? అడిగేది చిన్నోళ్ళనే.”

మాంసం తినని ఇంటి పిల్లని కాను నేను. కానీ ఆ ముక్క నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆకు మడిచేసి లేచాను. తినే ఆకు మీంచి లేవకూడదని ఎవరో అన్నారు. గేటు దగ్గరున్న పెద్దాయనని తీసుకుని నడిచాను. సగం దారిలో ఆయనే, లోపల పంది కూర వాసనొచ్చిందమ్మా అన్నాడు.

తీర్మానం పై ఆఫీసులో పాసయింది. పెద్ద రైతులు పేరుకి అప్పజెప్పిన తుపాకులతోబాటు నాదీ వచ్చింది. పంచాయతీ మెంబరునని ఇచ్చారట. అది తెచ్చుకోవాలా వద్దా అని చాలా మథనపడ్డాను. చివరికి చెరకు కోసం వెళ్ళాను. వానకి కారే పాకలో పడేశారేమో, గొట్టమంతా తుప్పు, కర్రకి చెద. మూడు పూటలు ఇసుకతో, ఆముదంతో తోమాను.

తమవి రాలేదని కొండవాలు ఊరివాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. పెద్దాయన ఒక్కడే వచ్చి, చోడిచేలో పందులు పడ్డాయి, ఒక్కసారి పేల్చిపో అని అడిగాడు. వెళ్ళి పేల్చాను. తర్వాత ఎవరు పిలిచినా వెళ్ళాను. ఆ ఏడు వాళ్ళకి చోడి చేతికొచ్చింది. నాకు ఆ రెండేళ్ళలో దక్కిన సంతోషం అదొక్కటే.

పంట ఇంటికొచ్చిన వారానికే కానిస్టేబుల్ వచ్చి తుపాకీ పట్టుకుపోయాడు. లైసెన్సు రద్దు. కొండమనుషుల పొలాల్లో పేలుస్తున్నానని పంచాయతీ నుంచే ఫిర్యాదు వెళ్ళిందట. తిన్నగా మావ ఇంటికి వెళ్ళి అడిగాను. కాదనలేదు.

“నీ మంచికే సెప్పేను. రేపు నిన్నే లోపలేస్తే మీ అత్తకి దిక్కెవరు?” అన్నాడు, తమలపాకుకి సున్నం రాసుకుంటూ. వెనక్కి తిరిగి వచ్చేశాను.

మెంబరుగిరీ మాత్రం మానలేదు. గడువు తీరేదాకా ప్రతి మీటింగుకీ వెళ్ళి పందుల మాట ఎత్తాను. పంచాయతీ గుమస్తా ప్రతిసారీ పుస్తకంలో ‘ఇతర విషయములు చర్చించబడినవి’ అని రాసేవాడు. తుపాకీ ఎన్నడూ తిరిగి రాలేదు. కొండవాలు ఊరివాళ్ళవీ రాలేదు.

చెరకు మానేసి నార తీసే గోగు వేశాను. పందులు గోగు ముట్టవు. మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు మావ నన్ను వెతుక్కుంటూ గోగు నానేసిన మడుగు దగ్గరికి వచ్చాడు. మళ్ళీ నిలబడితే ఈసారి మంచినీళ్ళ బావి తవ్విస్తానన్నాడు. నేను మోకాలిలోతు కుళ్ళునీళ్ళలో నిలబడి నార వలుస్తున్నాను. ఆ కంపుకి ఆయన కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నేను వలుస్తూనే ఉన్నాను. కాసేపు గట్టు మీద నిలబడి, వెళ్ళిపోయాడు.