రోమన్ల తెల్లబట్టలు, మా వీధి గంజి

తొంభైల చివర్లో తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. మాది నగరి, నేతపని ఇల్లు. తెల్లవారితే మా వీధి పొడవునా పడుగు నూలు చాచి, పులిసిన గంజిని కుంచెతో పూసేవారు. ఆ వాసన నా ఓణీల్లోకీ, పుస్తకాల్లోకీ దూరి నాతోపాటు హాస్టలుకు వచ్చేది. పక్క మంచం పిల్ల ఒక్కసారి, ఒక్కసారే, ముక్కు మూసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. మా నాయనకు బట్టల కొట్టు ఉందని చెప్పేశాను. ఆయన వస్తే గేటు దగ్గరే మాట్లాడి పంపేసేదాన్ని. అబద్ధం ఎప్పుడు బయటపడుతుందోనని రోజూ భయమే.

ఒక శనివారం చరిత్ర మేడం రోమన్ల అలవాట్లు చెప్పారు. వీధుల్లో కుండలు పెట్టి దారినపోయేవాళ్ళ మూత్రం పోగుచేసేవారట. దాన్ని పులియబెట్టి, తొట్లలో పోసి, కాళ్ళతో తొక్కి బట్టలుతికేవారట. కొందరైతే పళ్ళు కూడా దాంతోనే తోమేవారట. క్లాసంతా ఛీ అంది. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

"పెద్దమనుషుల తెల్లబట్టలన్నీ ఆ తొట్లలోంచి వచ్చినవే. కట్టుకున్నవాళ్ళు మాత్రం ఆ వీధికి వెళితే ముక్కు మూసుకునేవాళ్ళు" అన్నారు మేడం.

నేను తల వంచుకుని నా ఓణీ చూసుకున్నాను. నాయన నేసిందే.

సాయంత్రం ఆయన మురుకుల డబ్బాతో వచ్చి, అలవాటుగా గేటు బయటే నిలబడ్డాడు. నవ్విద్దామని రోమన్ల సంగతి చెప్పాను. నవ్వలేదు.

"ఆ తొట్లు తొక్కినోళ్ళకీ బిడ్డలుంటారు గదమ్మా" అన్నాడు నాయన. "నాయన పని సెప్పుకోను వాళ్ళకీ నామోషీగా ఉండుంటాది, పాపం."

ఆయనకు తెలుసు. ఎన్నాళ్ళుగా తెలుసో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఏడుపొచ్చింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను. "వద్దులేమ్మా, నాకు ఈడే బాగుండాది" అంటూనే వచ్చాడు. పక్క మంచం పిల్ల వరండాలో జడ వేసుకుంటోంది.

"మా నాయన. మాకు కొట్టు లేదు, మగ్గం ఉంది" అన్నాను.

ఆ పిల్ల నన్నూ నాయననూ మార్చి మార్చి చూసింది. జడ వదిలేసి లేచి, కుర్చీ జరిపింది.

"ఈ ఓణీ మీరే నేసినారా?" అని అడిగింది.

నాయన కూర్చోలేదు. "మా బిడ్డ కోసరం నేసినాను" అన్నాడు, నా వైపు చూస్తూ.