కూలర్ తీసేసిన చోట

నోయిడాలో ఓ ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. ప్రపంచీకరణ పాఠం మొదలుపెట్టిన వారమే, మెట్ల దగ్గరి మంచినీళ్ల కూలర్ మాయమైంది. దాని చోట ఎర్రగా మెరిసే కూల్‌డ్రింకు మెషిన్ వచ్చి కూర్చుంది. ప్రిన్సిపాల్‌గారు దానికి రిబ్బను కత్తిరించి, ఇక మన స్కూలు అంతర్జాతీయ స్థాయిదని ప్రకటించారు. దాహానికి కూడా స్థాయి ఉంటుందని నాకా రోజే తెలిసింది.

విదేశీ కంపెనీలొస్తే కొనేవాడికి ఎంపిక పెరుగుతుందని పాఠంలో ఉంది. అది చదవగానే, మా కోస్తా నుంచి వచ్చిన ఓ నర్సమ్మ కూతురు చెయ్యెత్తింది. ఢిల్లీలో పెరిగిన పిల్ల, నోరు తెరిస్తే హిందీయే.

“మేడమ్, పహలే పానీ భీ థా. అబ్ సిర్ఫ్ కోలా హై. తో చాయిస్ బఢీ యా ఘటీ?”

ముందు నీళ్లూ ఉండేవి, ఇప్పుడు కోలా ఒక్కటే; మరి ఎంపిక పెరిగిందా, తగ్గిందా అని! క్లాసంతా నవ్వింది. ఆ పాఠం మీద అంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. “జవాబు మీరే వెతకండి,” అన్నాను.

వెతికారు. మర్నాడు మట్టికుండ, గ్లాసులు తెచ్చి మెషిన్ పక్కనే పెట్టారు. మధ్యాహ్నానికల్లా కుండ దగ్గర బారులు తీరారు. మెషిన్ దగ్గర ప్రిన్సిపాల్‌గారు ఒక్కరే నిలబడి ఉన్నారు.

సాయంత్రం ఆయన నన్నూ, ఆ పిల్ల తల్లినీ గదికి పిలిపించారు. ఆవిడ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది. ఇది స్కూలు ఇమేజ్‌కి సంబంధించిన విషయమని ఆయన గంభీరంగా చెప్పారు.

ఆవిడ నావైపు తిరిగింది. “ఏంటండీ ఈయన గోల? పిల్లలు నీళ్లు తాగితే పరువు పోద్దా?” తర్వాత ఆయనతో, “సర్, బచ్చే పానీ హీ తో పీ రహే హై, శరాబ్ తో నహీ!” అంది.

తాగింది నీళ్లే, సారా కాదు. దానికి ఆయన మాటతో కాదు, అధికారంతో జవాబు చెప్పారు. మర్నాడే కుండను వెనక గోడ దగ్గరికి తోయించారు. పిల్లలు మొండిగా అక్కడికే వెళ్లి తాగారు. నన్ను ఆరో తరగతికి మార్చి, పిల్లల చేత మ్యాపులు గీయించమన్నారు. నా బదులు వచ్చిన మాస్టారు ప్రపంచీకరణ లాభాలన్నీ నోట్సు చెప్పి, నష్టాలు పరీక్షకు రావని వదిలేశాడు.

ఆ ఏడు వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్‌గారు, “మేము పిల్లలకు ప్రశ్నించడం నేర్పుతాం,” అని ఉపన్యసించారు. ముందు వరుసలో కూల్‌డ్రింకు కంపెనీ మేనేజరు చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు. సెలవుల తర్వాత ఆ స్కూలుకి మళ్లీ వెళ్లలేదు.